మనవరాలి జడ నేర్పిన పాఠం

జడ వెయ్యడంలో మా వీధిలో నాకు కాస్త పేరుంది. ఇద్దరు కూతుళ్ళకి బడికెళ్ళేముందు రెండేసి జడలు, ఇరుగుపొరుగు పెళ్ళికూతుళ్ళకి పూలజడలు... ఈ చేతులతో ఎన్ని వేశానో లెక్కలేదు. అలాంటి నన్ను పట్టుకుని మా ఐదేళ్ళ మనవరాలు ‘‘నానమ్మా, నువ్వు నా జుట్టు ముట్టుకోవద్దు’’ అంది. అని ఊరుకోలేదు, వెళ్ళి మంచం వెనక దాక్కుంది. తప్పు దానిది కాదు. ముమ్మాటికీ నాదే.

2022 ఆగస్టులో మా అబ్బాయి దగ్గరికి అట్లాంటా వెళ్ళాను. మా కోడలిది అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం. ఆస్పత్రిలో నర్సు. మనవరాలికి వాళ్ళమ్మ జుట్టే వచ్చింది. మన దగ్గర రింగుల జుట్టంటామే, అలాంటిది కాదు. బాల్‌పాయింట్ పెన్నులో స్ప్రింగు ఉంటుంది చూడండి, అంతకంటే సన్నగా, దగ్గరదగ్గరగా చుట్టుకుని ఉంటుంది ఒక్కొక్క వెంట్రుక.

నేను వెళ్ళిన నాలుగోరోజు కోడలు తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళింది. పిల్లని బడికి పంపాలి. తల చెదిరి ఉంది. ‘ఎంతసేపు, నేను దువ్వేస్తా’ అనుకుని తెనాలి నుంచి తెచ్చుకున్న సన్నపళ్ళ దువ్వెన తీశాను. మనకి అలవాటే కదా, కుదుళ్ళ దగ్గర పెట్టి కిందికి లాగడం! అలాగే లాగాను. దువ్వెన అంగుళం కూడా కదల్లేదు. పిల్ల కెవ్వుమంది. ఇంకొంచెం గట్టిగా లాగాను. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. చేతిలోకి తుంపులు తుంపులుగా జుట్టు వచ్చింది. ఆ విసుగులో నోరు జారాను. ‘‘అబ్బబ్బ, ఏం జుట్టమ్మా ఇది! కొబ్బరిపీచులా ఉంది.’’

దానికి తెలుగు రాదనుకున్నాను. రాత్రి అన్నం తింటూ వాళ్ళ నాన్నని అడిగింది, ‘‘డాడీ, పీచు అంటే ఏంటి?’’ అని. మా అబ్బాయి నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ‘‘అమ్మా, నువ్వు పిన్నిని కూడా ఇలాగే అనేదానివి’’ అన్నాడు. నిజమే. మా చెల్లెలిది గిరజాల జుట్టు. చిన్నప్పుడు దాన్ని కూచోబెట్టి, ఏడుస్తున్నా వినకుండా దువ్వి, ఆముదం దట్టించి అణిచి కట్టేదాన్ని. యాభై ఏళ్ళయినా నా బుద్ధి మారలేదన్నమాట!

వియ్యపురాలు వచ్చింది

ఆ శనివారం మా వియ్యపురాలు వచ్చింది. నా వయసే ఉంటుంది. మా వైపు వియ్యపురాళ్ళు ‘వదినగారూ’ అని పిలుచుకుంటారని చెబితే నవ్వి, తను మాత్రం నన్ను ‘సిస్టర్’ అని పిలుస్తానంది. జరిగిందంతా దాచకుండా చెప్పాను. తిడుతుందేమోననుకున్నా. తిట్టలేదు. ‘‘ఇవాళ తలంటు రోజు. పక్కన కూచుని చూడు’’ అంది. మన ఇళ్ళలో ఆదివారం తలంటులాగే వాళ్ళ ఇళ్ళలోనూ తలకోసం ఒక రోజు కేటాయిస్తారు. ఒక్కోసారి పూటంతా పడుతుంది.

ముందు నాకు అర్థమయ్యేలా సంగతి చెప్పింది. సాపు జుట్టయితే తలమీద ఊరే సహజమైన నూనె కుదుళ్ళ నుంచి కొనలదాకా జారుతుంది. చుట్టలు తిరిగిన జుట్టులో ఆ నూనె మలుపు మలుపుకీ ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొనలు ఎండిపోతాయి. పైగా ఈ వెంట్రుక గుండ్రంగా కాక నొక్కినట్టు కోలగా ఉంటుంది. మలుపు ఉన్న ప్రతిచోటా బలం తక్కువ. పొడిగా ఉన్నప్పుడు లాగితే సరిగ్గా అక్కడే తెగుతుంది. చూడ్డానికి ఒత్తుగా, మొండిగా కనబడుతుంది గానీ, నిజానికి చాలా నాజూకైన జుట్టు. నా చేతిలోకి తుంపులు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది.

ఒక పాయ తడిపి మెల్లగా సాగదీసి చూపించింది. చెవి దాటని జుట్టు భుజం కిందికి వచ్చింది! ‘‘పెరగట్లేదని అందరూ అనుకుంటారు. పెరుగుతుంది. చుట్టుకుపోవడంవల్ల కనబడదు, అంతే’’ అంది.

చిక్కు తీసే పద్ధతి

దువ్వెన తర్వాత. ముందు నీళ్ళు. చీమిడిబుడ్డిలా చిన్న స్ప్రే సీసాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి తలంతా తడిపింది. తర్వాత తలని నాలుగు పాయలుగా విడదీసి మూడింటిని క్లిప్పులతో బిగించి పక్కన పెట్టింది. విప్పిన పాయకి కండిషనర్ ధారాళంగా రాసింది. చేతికి జారుడుగా తగలాలట. జారకపోతే ఇంకాస్త నీళ్ళు, ఇంకాస్త కండిషనర్.

అప్పుడూ దువ్వెన ముట్టుకోలేదు. వేళ్ళతో తడుముతూ ముడి ఎక్కడుందో వెతికింది. దొరికిన ముడిని లాగకుండా పూలచెండు విప్పినట్టు అటూ ఇటూ విడదీసింది. ఊడిపోయిన వెంట్రుకలు ఉంగరాల్లోనే చిక్కుకుని ఉంటాయి. అవి కూడా వేళ్ళకే వచ్చేస్తాయి. అవి చూసి కంగారు పడనక్కర్లేదు.

ఆ తర్వాత ఎడంగా పళ్ళున్న పెద్ద దువ్వెన. కొనల దగ్గర రెండంగుళాలు దువ్వింది. అది సాఫీగా అయ్యాక దానిపైన ఇంకో రెండంగుళాలు. అలా కొనల నుంచి కుదుళ్ళకి. నేను చేసిందానికి పూర్తిగా తలకిందులు! పైనుంచి లాగితే చిన్న చిన్న ముడులన్నీ కిందికి దిగి ఒకే పెద్ద ముడి అయిపోతాయి. ఇంకో కిటుకు, దువ్వేచోటుకి పైన పాయని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవడం. లాగుడంతా ఆ పిడికిట్లోనే ఆగిపోతుంది. మాడుకి తెలియదు. పిల్ల ఏడవదు.

చిక్కు తీసిన పాయని అలా వదిలేస్తే మళ్ళీ చిక్కుపడుతుంది. అందుకని రెండు పాయలుగా మెలిపెట్టి పక్కన వదిలి, తర్వాతి పాయ విప్పింది. కొనల్లో అక్కడక్కడా ఒక్క వెంట్రుకే తనకి తాను ముడేసుకుంటుంది. ఆవగింజంత ఉంటుంది ఆ ముడి. దాన్ని లాగొద్దు, కత్తెరతో ఆ కొసని కత్తిరించేయమంది.

తలంటేటప్పుడూ మెలికలు విప్పలేదు. షాంపూ మాడుకి మాత్రమే, వేళ్ళ కొసలతో రాసింది. జుట్టంతా పైకి కుప్పవేసి నురగలు వచ్చేలా రుద్దే మన పద్ధతి ఈ జుట్టుకి పనికిరాదు. వారానికోసారో, రెండు వారాలకోసారో తలంటితే సరిపోతుంది.

తేమంటే నూనె కాదు

‘‘జుట్టు ఎండిపోతే ఏం చేస్తావు?’’ అని వియ్యపురాలు అడిగింది. ‘‘ఇంకేముంది, నూనె పెడతాను’’ అన్నాను. ‘‘నూనె తడపదు సిస్టర్. ఉన్న తడిని పోకుండా పట్టి ఉంచుతుంది. ఎండిన జుట్టుమీద నూనె రాయడమంటే ఎండిన కుండకి మూత పెట్టడమే’’ అంది.

అందుకే వరస ముఖ్యం. తలంటిన తర్వాత తువాలుతో రుద్దకుండా పాత బనీను గుడ్డతో నీళ్ళు ఒత్తెయ్యాలి. జుట్టు ఇంకా తడిగా ఉండగానే, కడగనక్కర్లేని పల్చటి కండిషనర్ రాయాలి. దానిమీద నాలుగు చుక్కల నూనె. ఆ పైన చిక్కటి క్రీము. వాళ్ళింట్లో షియా బటర్ వాడతారు. పశ్చిమ ఆఫ్రికాలో పెరిగే షియా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు. గట్టిగా వెన్నలా ఉంటుంది. అరచేతుల్లో రుద్దితే కరుగుతుంది.

మరి మన కొబ్బరినూనె? అడక్కుండా ఉండలేకపోయాను. మంచిదే, కానీ తలంటుకి ముందు అని మా కోడలు చెప్పింది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందనీ, కడిగేటప్పుడు జుట్టులోని ప్రొటీన్ పోకుండా తగ్గిస్తుందనీ పరిశోధనల్లో తేలింది. తలంటాక రాస్తే కొందరి జుట్టు బిరుసెక్కుతుంది. అలా, తలంటుకి ముందు గోరువెచ్చటి కొబ్బరినూనె రాసే పని నాకు దక్కింది.

రాత్రిపూట నూలు దిండు గలేబు తేమని పీల్చేస్తుంది. జుట్టు రాపిడికి తెగుతుంది. అందుకే శాటిన్ టోపీ పెట్టి పడుకోబెడతారు. పొద్దున్నే మళ్ళీ కాస్త నీళ్ళు చిలకరిస్తే జుట్టు మెత్తబడుతుంది.

ఆ జుట్టు వెనక కథ

చేతులు పనిచేస్తుంటే మాటలు సాగాయి. మెడ వెనక బాగా చిక్కుపడే జుట్టుని వాళ్ళు ‘కిచెన్’ అంటారట. వియ్యపురాలి చిన్నప్పుడు శనివారం రాత్రి వంటింట్లో పొయ్యిమీద ఇనుపదువ్వెన కాల్చి, మర్నాడు చర్చికి వెళ్ళడానికి జుట్టు సాపు చేసేవారు. చెవి కాలిన మచ్చ చూపించింది. పెద్దయ్యాక మందులు పెట్టి సాపు చేయించుకుంది. ‘‘ఉద్యోగానికి వెళ్ళాలంటే తప్పేది కాదు. మా జుట్టు మా జుట్టులా ఉంటే శుభ్రంగా లేదనేవారు’’ అంది.

ఇది ఆమె ఒక్కతె కథ కాదు. బడుల్లో, ఆఫీసుల్లో జుట్టు తీరు చూసి వివక్ష చూపకూడదని చట్టం చేసిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా. అదీ 2019లో! తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారిన నడిచాయి.

నేను అక్కడుండగానే, 2022 అక్టోబరులో ఒక వార్త వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేలమందికి పైగా స్త్రీలని దాదాపు 11 ఏళ్ళు గమనించారు. 70 ఏళ్ళు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం, జుట్టు సాపు చేసే రసాయనాలు వాడనివారిలో 1.64 శాతమైతే, తరచూ వాడినవారిలో 4.05 శాతమని అంచనా వేశారు. ఆ రసాయనాలే కారణమని తేల్చి చెప్పలేదు. కానీ సంబంధం కనబడిందన్నారు. అది చదివి మా కోడలు చాలాసేపు మాట్లాడలేదు. పదిహేనేళ్ళపాటు తనూ వాడింది మరి. కూతురి తలకి ఆ మందు తగలనివ్వకూడదని ఎందుకంత పట్టుదలో అప్పుడర్థమైంది. ఆ పిల్ల జుట్టుని నేను పీచన్నాను!

ఇంకో సంగతి. నేను తిరుమలలో రెండుసార్లు తలనీలాలిచ్చాను. ఆ జుట్టుని దేవస్థానం వేలం వేస్తుందనీ, విగ్గులుగా సవరాలుగా విదేశాలకి పోతుందనీ తెలుసు. ఎవరి తలమీదికి పోతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. 2009లో వచ్చిన ‘గుడ్ హెయిర్’ అనే డాక్యుమెంటరీలో హాస్యనటుడు క్రిస్ రాక్ ఆ జుట్టు వెంటపడి మన దేశందాకా వచ్చాడు. అది కోడలు నాకు చూపించింది. వియ్యపురాలు నవ్వుతూ ‘‘సిస్టర్, ఒకప్పుడు నేను పెట్టుకున్న సవరంలో నీ జుట్టు ఉందేమో!’’ అంది. నేనూ నవ్వాను గానీ, మనసులో ఏదో కలుక్కుమంది. దేవుడికిచ్చిన నా సాపు జుట్టు, తన జుట్టు బాగాలేదని నమ్మించిన ఒక తల్లి నెత్తిమీదికి చేరిందా అని.

మళ్ళీ నా ముందు కూచుంది

పిల్లకి క్షమాపణ చెప్పాను. ఐదేళ్ళదానికి చెప్పేదేముంది అనుకోలేదు. ‘‘ఆ రోజు నానమ్మకి దువ్వడం చేతకాలేదు. నీ జుట్టు మంచిదే’’ అన్నాను. వెంటనే కరిగిపోలేదు. నెలరోజులపాటు నాకిచ్చిన పని నీళ్ళ సీసా పట్టుకోవడం, క్లిప్పులు అందించడమే. తర్వాత ఒక పాయ ఇచ్చింది. ‘‘నొప్పి పుడితే ఆపు అంటాను, ఆపాలి’’ అని షరతు పెట్టింది. ఆపాను. రెండోసారి అనాల్సిన అవసరం రాలేదు. క్రిస్మస్ నాటికి నాలుగు పాయలూ నావే.

జనవరిలో బయల్దేరే ముందురోజు తనే దువ్వెన తెచ్చుకుని నా ముందు కూచుంది. మెలికలు వేసి చివర్లకి నేను తెచ్చిన ఎర్ర రిబ్బన్లు కట్టాను. అద్దంలో చూసుకుని ‘‘పీచు కాదు’’ అంది, తెలుగులోనే. ‘‘కాదమ్మా’’ అన్నాను.

ఇంటికొచ్చాక మొదట చేసిన పని మా చెల్లెలికి ఫోను చెయ్యడం.

మన ఇళ్ళలోనూ...

అంత బిగుతు చుట్టల జుట్టు మన దగ్గర అరుదే అయినా లేకపోలేదు. హైదరాబాద్‌ ఏసీ గార్డ్స్‌లో నిజాం కాలంనాటి ఆఫ్రికన్ అశ్వికదళం వారసులు ఇప్పటికీ ఉన్నారు. ఇక గిరజాల జుట్టు పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. మీ ఇంట్లో ఉంటే ఇవి గుర్తుంచుకోండి.

* పొడి జుట్టుమీద దువ్వెన పెట్టొద్దు. నీళ్ళు, కండిషనర్ పట్టించాకే చిక్కు తీయాలి.

* తలని పాయలుగా విడదీసి, ఒక్కొక్కటే విప్పుకోవాలి. ముందు వేళ్ళు, తర్వాత ఎడం పళ్ళ దువ్వెన.

* కొనల నుంచి కుదుళ్ళకి దువ్వాలి. దువ్వేచోటుకి పైన పాయని పట్టుకోవాలి.

* తేమ నీటిదే. నూనె, క్రీము తడి జుట్టుమీదే రాయాలి.

* జడలు బిగించి కట్టొద్దు. రోజూ లాగి కడితే కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. అలాగే వదిలేస్తే మళ్ళీ రాకపోవచ్చు. మాడుమీద కురుపులు వచ్చినా, జుట్టు కుచ్చులుగా ఊడినా చర్మవైద్యులకి చూపించాలి.

* పిల్ల వినేలా జుట్టుకి పేర్లు పెట్టొద్దు. దువ్వెన వల్ల కలిగిన నొప్పి సాయంత్రానికి పోతుంది. మాట వల్ల కలిగింది మా చెల్లెలికి యాభై ఏళ్ళు ఉంది.