జాబులు చెప్పుకొను ప్రవర

ఇంటర్నెట్టు చర్చావేదికల నెఱుగని చదువరులు నేడు లేరు. ఒకరు ప్రశ్న వేయుదురు, పదిమంది జవాబిత్తురు, ఆ జవాబులలో నొకదానిపై మఱి యిరువురు తగవులాడుదురు, కొంతకాలమునకు మూలప్రశ్న యేదియో అడిగినవానికే జ్ఞాపక ముండదు, అయినను చర్చ నెలల తరబడి సాగుచునే యుండును. ఇట్టి చర్చ నొకదానిని తరగతిలో తెరపై చూపుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఈ జాబు ఆ జాబుకే జవాబని కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది? అది చదివి అర్థం చేసుకోలేదు గదా!" అని యడిగెను. తక్కినవారు నవ్విరి గాని, ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. మనుష్యుడు జాబును చదివి సంబంధమును గ్రహింపగలడు; అర్థ మెఱుగని యంత్రము వేలకొలది జాబుల నడుమ దేనికి ఏది జనకమో తేల్చి, శాఖోపశాఖలుగా గీసి చూపుచున్న దన్నచో, దాని వెనుక నొక చక్కని యుపాయ ముండి తీరవలెను.

తొలినాటి ఉపాయము సులభమైనది. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ప్లేటో అను బోధనావ్యవస్థ యుండెడిది. నారింజవన్నెలో వెలుగు తెరలన్నియు ఒకే పెద్ద కంప్యూటరునకు లంకెపడి యుండెడివి. ఆ వ్యవస్థలోని లోపములను వాడుకరులు తెలుపుటకై ఒక ఫైలును అందఱికిని తెఱచి యుంచిరి. అందులో ఎవరైనను వ్రాయవచ్చును. కావుననే ఒకరు వ్రాసినదానిని మఱొకరు తుడిచివేయనువచ్చును. వ్రాసినవా రెవరో తెలియుటకు గుర్తు లేదు. ఈ చిక్కును తీర్చు పని 1973లో డేవిడ్ వూలీ అను పదునేడేండ్ల కుఱ్ఱవానికి దక్కెను. అతడు కూర్చిన 'నోట్స్' అను ప్రోగ్రామున ప్రతి జాబునకును వ్రాసినవాని గుర్తును తేదియును తమంత తామే చేరును. సమాధానమునకు అదే తెరపై సగభాగము చాలునని మొదట తలచి, చాలదని పిదప గ్రహించి, ఒక్కొక్క మూలజాబునకు 63 వఱకు మారుజాబులు చేర్చుకొను వీలు కల్పించెను. ఈ యమరికలో మారుజాబులన్నియు మూలమునకే బిడ్డలు. మనుమలకు తావు లేదు. కంప్యూటరు ఒక్కటే గనుక జాబులు వచ్చు వరుసయు ఒక్కటే, వరుస ఒక్కటే గనుక అంకె వేసినంతనే పని ముగిసెను.

అసలు చిక్కు యూజ్‌నెట్టు అను చర్చాజాలముతో మొదలైనది. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు దీనిని ఊహించిరి. పొరుగున నున్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు స్టీవ్ బెలోవిన్ దీని తొలి ప్రోగ్రామును వ్రాసెను. దీనికి కేంద్రము లేదు, యజమాని లేడు. ఒక యంత్రము పొరుగుయంత్రమునకు, తఱచుగా ఫోను చార్జీలు తగ్గు రాత్రివేళ, తనంత తానే ఫోను చేసి తనయొద్ద నున్న క్రొత్త జాబుల నొప్పగించెడిది; ఆ పొరుగుది తన పొరుగుదానికి; ఇట్లు ఒక్కొక్క జాబు చేతులు మాఱుచు ఖండములు దాటెడిది. దారులు పెక్కు గనుక ఒకే జాబు రెండు దారుల వచ్చుటయు గలదు. దారులు నమ్మరానివి గనుక అసలే రాకపోవుటయు గలదు. అన్నిటికంటె విడ్డూరముగా, ప్రశ్న యింకను దారిలో నుండగనే దాని జవాబు ముందుగా వచ్చి వ్రాలుటయు గలదు. ప్రతి యంత్రమును తనకు చేరిన వరుసలో జాబులకు అంకెలు వేసికొనును. కావున ఒక యంత్రమున 412వ జాబు, ప్రక్కయూరి యంత్రమున 97వ జాబు కావచ్చును. ఇక "412వ జాబునకు ఇది జవాబు" అన్నచో ఎవరికి బోధపడును?

ఈ అరాచకమున క్రమమును నిలిపినవి రెండే రెండు పంక్తులు. మొదటిది జాబు పేరు, వాడుకలో మెసేజ్ ఐడీ. జాబు పుట్టిన క్షణముననే, దానిని పుట్టించిన యంత్రము, ప్రపంచమున మఱి దేనికిని లేని పేరొకటి దానికి పెట్టును: ఇరుప్రక్కల కోణపు కుండలీకరణములు, నడుమ ఎట్ గుర్తు, దానికి కుడివైపున యంత్రము పేరు, ఎడమవైపున ఆ యంత్రము తాను మఱల వాడని యొక అక్షరాంక సమూహము. ఎవ రెక్కడ చదివినను ఈ పేరు మాఱదు. ఒకే పేరుగల జాబు రెండవమాఱు వచ్చినచో యంత్రము దానిని త్రోసిపుచ్చుటకు కూడ ఇదియే యాధారము. రెండవది రిఫరెన్సెస్ అను పంక్తి. 1983లో మార్క్ హోర్టన్ వ్రాసిన ఆర్‌ఎఫ్‌సీ 850 అను నియమపత్రము, మారుజాబైన ప్రతిదానియందును ఈ పంక్తి యుండవలెనని విధించెను. మనము జవాబు వ్రాయ మీట నొక్కినపుడు, ప్రోగ్రాము జనకజాబులోని రిఫరెన్సెస్ పంక్తి నట్లే యెత్తి వ్రాసికొని, దాని చివర జనకజాబు పేరును చేర్చును. అంతే, అంతకుమించిన మంత్ర మేదియు లేదు.

మన పెద్దలు నమస్కరించునపుడు ప్రవర చెప్పుకొనుట యున్నది. మూలఋషులను పేర్కొని, గోత్రము చెప్పి, తుదకు తన పేరు వినిపించుటతో, విన్నవాడు ఆ వచ్చినవానిని ఎన్నడును చూడనివాడైనను, వాని యింటికి పోకయే వాని వంశమును గుర్తించును. యూజ్‌నెట్టు జాబు చేయునదియు ఇదియే. వంశవృక్షము ఏ కార్యాలయమునను భద్రపఱుపబడి యుండలేదు; ప్రతి జాబును తన ప్రవరను తానే మోసికొని తిరుగుచున్నది. ఒక్కొక గోత్రమునకు ముగ్గురో అయిదుగురో ఋషులను చెప్పి తక్కిన తరములను విడిచినట్లే, పంక్తి మిక్కిలి దీర్ఘమైనచో కొన్ని పేర్లను విడువవచ్చునని 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1036 సెలవిచ్చెను. దీనితో పోల్చినచో ఆనాటి ఈమెయిలు స్థితి శోచనీయము. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రకారము 'ఇన్ రిప్లై టు' అను పంక్తిలో జనకుని పేరుకు మాఱుగా మాటలు కూడ వ్రాయవచ్చును. "మంగళవారము నాటి మీ జాబునకు" అని మనుష్యునకు తెలియు మాట యొకటి అందులో నుండిన, యంత్రము తెల్లమొగము వేయుట తప్ప చేయగలది లేదు.

ప్రవర యున్నంత మాత్రమున వృక్షము సిద్ధింపదు. దానిని కట్టు నేర్పు కావలెను. ఆ నేర్పునకు మేలైన రూప మిచ్చినవాడు, 1990ల నడుమ నెట్‌స్కేప్ సంస్థలో మెయిలు, న్యూస్ చదువు ప్రోగ్రాములు వ్రాసిన జేమీ జవిన్‌స్కీ. అతని పద్ధతిని ఒక చిన్న యుదాహరణముతో చూతము. 'క' మూలప్రశ్న; 'చ', 'ట' దానికి వచ్చిన జవాబులు; 'త' అనునది 'చ' కు వచ్చిన జవాబు. మన యంత్రమునకు మొదట 'త' చేరినది, పిదప 'ట', అటుపిమ్మట 'క'; 'చ' మాత్రము దారిలో నశించెను.

'త' రాగానే యంత్రము దాని పేరిట ఒక పాత్రను కల్పించి, అందు ఆ జాబు నుంచును. దాని రిఫరెన్సెస్ పంక్తిలో 'క, చ' అని యున్నది. ఆ రెండును ఇంకను రాలేదు. అయినను యంత్రము వెనుదీయక, రానివాని పేరిట కూడ రెండు ఖాళీ పాత్రల నమర్చి, 'క' క్రింద 'చ', 'చ' క్రింద 'త' అని లంకె వేయును. తరువాత 'ట' వచ్చి, తన పూర్వుడు 'క' అని చెప్పును. 'క' పేరిట పాత్ర యిదివఱకే యున్నది గనుక దాని క్రిందనే చేరును. తుదకు 'క' తానే వచ్చినపుడు, లంకెలను తాకవలసిన పనియే లేదు. తనకొఱకు వేచియున్న పాత్రలో కూర్చుండినచో చాలును. వచ్చిన వరుస యెట్టిదైనను ఏర్పడు వృక్ష మొక్కటే యగుట ఇందలి సొగసు. పూర్వుడు వచ్చు వఱకు వారసుని గడపవద్ద నిలిపియుంచుట గాక, పూర్వుని స్థానమును ముందే కేటాయించి వారసుని వెంటనే లోనికి పిలుచుట యీ పద్ధతికి ప్రాణము.

'చ' ఎన్నటికిని రాదు గదా. దాని ఖాళీ పాత్ర నేమి చేయవలెను? జాబులన్నియు చేరిన పిదప యంత్రము వృక్షము నొకమాఱు కలయజూచి, ఖాళీగానున్న పాత్రను తొలగించి, దాని బిడ్డలను పైమెట్టున కెక్కించును. 'త' ఇప్పుడు 'క' కు బిడ్డవలె కనబడును. కాని ఖాళీ పాత్ర వృక్షమూలముననే యుండి, దాని క్రింద బిడ్డలు ఇరువురో ముగ్గురో యున్నచో దానిని తీయరాదు. తీసిన పక్షమున తోబుట్టువులు చెల్లాచెదరై, ఒక్క చర్చ పలుచర్చలుగా విడిపోవును. ఇంకొక జాగ్రత్త కలదు. ఏదో యొక చెడ్డ ప్రోగ్రాము వలన రెండు జాబులు పరస్పరము పూర్వులమని చెప్పుకొన్నచో, నమ్మి లంకెవేసిన యంత్రము ఆ చక్రములో పడి యెన్నటికిని బయటపడదు. అందుచేత ప్రతి లంకెకు ముందును, బిడ్డ కానున్నది జనకము కానున్నదాని తాతముత్తాతలలో ఇదివఱకే యున్నదేమో విచారించి, యున్నచో ఆ లంకెను మానుకొనును.

ప్రవర పూర్తిగా లోపించిన జాబులకు కడపటి యాధారము విషయపంక్తి. 'రీ' అను ముందుగుర్తును తొలగించి, శీర్షిక లొక్కటే యైనవానిని ఒక్కచోట చేర్చుదురు. ఇది యక్కఱకు వచ్చును గాని నమ్మరానిది. "సందేహము" అను శీర్షికతో సంబంధములేని యిద్దఱు వ్రాసినచో రెండు చర్చలు ముడిపడిపోవును. ప్రవాసాంధ్రులు కూడిన సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అను యూజ్‌నెట్టు సమూహమున ఈ బెడద మఱియు నెక్కువగా నుండెను. అప్పుడు తెలుగు లిపి కంప్యూటరు తీగలపై నడిచెడిది కాదు. ఆంగ్లాక్షరములతోనే తెలుగు వ్రాయవలసి యుండెను. ఆ వ్రాతకు కట్టుబాటుగా రైస్ విశ్వవిద్యాలయపు తెలుగువారు ఆర్‌టీఎస్ అను పద్ధతిని కల్పించిరి. అయినను అందఱును దానిని ఒక్కతీరున పాటింపలేదు. 'పద్యం' అని యొకడు, 'పద్యము' అని యొకడు తన చేతితో శీర్షిక కొట్టినచో, శీర్షికను నమ్ముకొన్న యంత్రమునకు అవి రెండు వేఱు చర్చలు. రిఫరెన్సెస్ పంక్తిని నమ్ముకొన్నదానికి ఒక్క చర్చయే.

వృక్షము కట్టిన పిమ్మట దానిపై నడచుట యెట్లు? లారీ వాల్ 1984లో చేసిన ఆర్‌ఎన్ అను ప్రోగ్రాము, శీర్షిక నాధారము చేసికొని తరువాతి జాబునకు పోనిచ్చెడిది. దానినే పెంచి వేన్ డేవిసన్ టీఆర్‌ఎన్ చేసెను. అందు చదువుచున్న జాబునకు పైన కుడిమూల చర్చావృక్షము చిన్న బొమ్మగా కనబడును. చదివిన జాబులు గుండ్రని కుండలీకరణములలో, చదువవలసినవి చదరపు కుండలీకరణములలో నుండును. విషయము మాఱినచోట లోపలి యంకె మాఱును. చదరపు కుండలీకరణపు ఎడమ మీట నొక్కిన జనకజాబు, కుడి మీట నొక్కిన బిడ్డజాబు కనబడును. గుండ్రనివి నొక్కిన తోబుట్టువుల నడుమ తిరుగవచ్చును. గ్రాఫిక్సు లేని అక్షరమాత్రపు తెరపై ఇంత తెలివి నిమిడ్చిన శిల్పము నాకు మిక్కిలి ముచ్చట గొల్పును.

వృక్షపక్షమునకు ప్రత్యర్థులు లేకపోలేదు. ప్లేటో నాటి వరుసపద్ధతికి నేటికిని బలమైన వాదులు గలరు. వారి వాదమును తోసిపుచ్చరాదు. కాలక్రమము ఏకరేఖ, "ఇంతవఱకు చదివితిని" అని యొక్క అంకెను గుర్తుంచుకొన్నచో, మఱునాడు అక్కడినుండి చదువవచ్చును. వృక్షమునకు చిగుళ్లు ఎచ్చట నైనను వేయును. నిన్న చదివి ముగించిన కొమ్మపై నేడు మూడు క్రొత్త జాబులు మొలచును. వానిని వెదకుట కష్టము. యూజ్‌నెట్టు ప్రోగ్రాములు న్యూస్‌ఆర్‌సీ అను చిన్న ఫైలులో "1 నుండి 1523 వఱకు, 1530" అన్నట్లు చదివిన యంకెల శ్రేణులను దాచుకొని యీ లోపమును కప్పిపుచ్చినవి: చూపుటకు వంశక్రమము, గుర్తుంచుకొనుటకు కాలక్రమము. రెండు పక్షములను ఇంత నేర్పుగా సంధిపఱచిన యేర్పాటు అరుదు.

తరువాతి కథ వేగముగా నడచినది. వెబ్ వచ్చిన పిమ్మట 2000లో పుట్టిన పీహెచ్‌పీబీబీ వంటి వేదికలు వరుసపద్ధతి నవలంబించి, చర్చను పుటలుగా కోసి, జనకజాబును ఉటంకించి వ్రాయు నలవాటును పెంచినవి. 1997 నాటి స్లాష్‌డాట్, 2005 నాటి రెడ్డిట్ వృక్షమునే నిలుపుకొన్నవి; రెడ్డిట్ కొమ్మలను ఓట్లతో పైకి క్రిందికి జరిపెను. 2004లో జీమెయిలు ఉత్తరములను సంభాషణగా వరుసపేర్చెను. 2008లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5256, మెయిలు సర్వర్లే చర్చలను కూర్చు విధానమును చెప్పుచు జవిన్‌స్కీ పద్ధతి నాధారముగా గైకొని, శీర్షికతో కూర్చుటను పేదవాని పద్ధతిగా పేర్కొన్నది. 2013లో జెఫ్ అట్‌వుడ్ మిత్రులతో వెలువరించిన డిస్కోర్స్, చర్చను ఏకరేఖగా చూపుచునే, ఏ జాబు దేనికి జవాబో గుర్తుంచుకొని, అడిగినపుడు చూపును.

ఈ యుభయపక్షముల తగవు ఎన్నటికిని తీరదు; తీరవలసిన పనియు లేదు. ప్రవర నిలిపిన జాబులను వృక్షముగా గీయవచ్చును, వరుసగా పేర్చవచ్చును, రేపు మఱియొక రీతిని కనిపెట్టి దానిలోనికి మార్చవచ్చును; ప్రవరను పాఱవేసి కేవలము వరుసను మిగిల్చిన వేదికలో పోయిన బంధుత్వమును మఱల కనుగొనుటకు, ఆ విద్యార్థి యన్నట్లు, యంత్రము చదివి అర్థము చేసికొనవలసి వచ్చును. అందుచేత క్రొత్త వేదికను కట్టువారు తెర యెట్లుండవలెనని తర్కించుటకు ముందే, ప్రతి జాబునకును మాఱని పేరును, దాని జనకుని పేరును వ్రాసి యుంచుట మేలు. ఆ రెండు పంక్తులకు పట్టు చోటు అత్యల్పము. అవి లేనినాడు కలుగు నష్టము తిరిగి పూడ్చరానిది.