జాడీ చెప్పు పాఠము

కొరియా భోజనమునకు ప్రాణము ‘జాంగ్’. సోయాచిక్కుడు గింజలను ఉడికించి, దంచి, దిమ్మలుగా చేసి ఆరబెట్టి, ఉప్పునీటితో మట్టిజాడీలలో ఊరవేయుదురు. ఊరిన నీరు గన్‌జాంగ్. మిగిలిన ముద్ద దొయెన్‌జాంగ్. మిరపపొడి, ధాన్యపుపిండి చేర్చి పులియబెట్టినది గొచుజాంగ్. ఈ విద్యను 2024లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. అయినను, బహుళాంతస్తుల భవనములలో జాడీలకు చోటు లేక, నగరవాసులు పెక్కుమంది నేడు అంగడి జాంగునే కొనుచున్నారు.

విదేశపు వంటశాలలలో పనిచేసి వచ్చిన కాంగ్ మింగూ 2014లో సియోలు నగరమున ‘మింగిల్స్’ అను భోజనశాలను తెరచెను. అచట వంటకములు చిన్న పళ్లెములలో ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఆయనకు పేరు తెచ్చిన మధురపదార్థమున ఆ మూడు జాంగులును కలవు: మీగడతో చేసిన కస్టర్డులో దొయెన్‌జాంగ్, పెకాన్ పప్పులలో గన్‌జాంగ్, పేలాలలో గొచుజాంగ్, తోడుగా వనిల్లా ఐస్‌క్రీము. తీపిలో ఉప్పేమిటని సందేహింపవచ్చును. ఆ ఉప్పు వలననే ఆ తీపికి నిండుదనము.

పాతదానిని పొగడి అటకమీద పెట్టినచో నిలువదు, వాడినచో నిలుచును. కాని కొత్తగా వాడవలెనన్న ముందు దానిని క్షుణ్ణముగా నేర్వవలెను. కాంగ్ 2024లో జాంగును గూర్చి ఒక గ్రంథమునే వెలువరించెను. ప్రాచీన కావ్యము చదువు విద్యార్థియు, నూతన కవిత వ్రాయగోరు యువకుడును ఈ జాడీని ఒకసారి తలచుకొనుట మేలు.