పూసల నడుమ పాము

కొన్నేండ్ల క్రిందటి మాట. తాడిపత్రిలో నాపరాళ్ల పనిచేసే కొడుకును చూడవచ్చిన ఒక వృద్ధుడు, మనుమని వెంటబెట్టుకొని మా అరుగుమీద కూర్చున్నాడు. ఎవరైనా పిలిస్తే ఆయన తల త్రిప్పడు. మొండెమంతా త్రిప్పి చూస్తాడు. లేచి నడిస్తే కాళ్లు కర్రలవలె బిగిసి ఉన్నవి. “ఏమి పెద్దయ్యా, ఏమయింది?” అని అడిగాను. “నరాలు బిగుసుకపోయినాయి అయ్యోరూ. నరాల సూదులు శానా ఏపిచ్చినాము, గుణం లేదు” అన్నాడు.

తెలుగు చెప్పుకొని బ్రతికేవాడిని గనుక నా దృష్టి మొదట ఆ మాట మీదికే పోయినది. నరమని మనము దేనిని అంటున్నాము? చేతిమీద నీలముగా ఉబికి కనబడే సిరను నరమంటాము. నరాల సూది అంటే ఆ సిరలోనికి మందు ఎక్కించడమే. అందులో పారేది రక్తము. కాలు బెణికితే నరము పట్టిందంటాము. అక్కడ బాధపడుతున్నది చాలావరకు కండరమో, కండరమును ఎముకకు కట్టివేసే స్నాయుబంధనమో అయి ఉంటుంది. నాడి సంగతీ ఇంతే. వైద్యుడు మణికట్టు పట్టి చూచే నాడి రక్తము కొట్టుకొనే ధమని. పాఠ్యపుస్తకములోని నాడీమండలము మెదడుకు సంబంధించినది. రెండింటినీ కలిపి, మెదడునుండి నరాలగుండా రక్తము ప్రవహించునని ఒక విద్యార్థి వ్రాస్తే, తప్పు వానిదొక్కనిదే అనలేము.

అసలైన నరము గొట్టము కాదు, త్రాడు. సన్నని పోగులు ఎన్నిటినో కట్టగట్టిన తెల్లని త్రాడు. ఒక్కొక్క పోగు ఒక నాడీకణము చాచిన చేయి. కణము కంటికి ఆనదు. కాని వెన్నుపాము క్రింది భాగములోని కణము చాచిన పోగు పాదమువరకు పోతుంది, అంటే సుమారు ఒక మీటరు పొడవు. ఆ పోగు వెంట పరుగెత్తేది రక్తము కాదు, విద్యుత్సంకేతము. కొన్ని పోగులలో దాని వేగము సెకనుకు 100 మీటర్లు.

ఈ పోగులకు మూలస్థానము మెదడు. పెద్దవారిలో దాని బరువు 1,300 నుండి 1,400 గ్రాములు. శరీరపు బరువులో నూటికి రెండు వంతులే అయినా, శరీరము ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ఐదవ వంతు దానికే కావాలి. అందులోని నాడీకణములు దాదాపు 8,600 కోట్లని 2009లో బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పైన ముడతలు పడి, అక్రోటు పప్పువలె రెండు సగాలుగా కనబడేది పెద్ద మెదడు. చూపు, తలపు, సంకల్పము దాని పనులు. మాట కూడ అక్కడిదే. చాలమందిలో అది ఎడమ సగమునకు చెందిన విద్య. సంతలో బేరమాడినా, తరగతిలో పద్యము చదివినా ఆ సగమే కష్టపడుతున్నది. వెనుక ప్రక్క క్రిందుగా చిన్న మెదడు. నెత్తిన బిందెతో గట్టుమీద నడిచే ఇల్లాలు దానికి ఋణపడి ఉన్నది. ఇంకా క్రింద మజ్జాముఖము. ఊపిరి, గుండె మనము తలచుకొనకుండానే నడవడము దాని చలువ. అవయవములను కదల్చే పోగులలో ఎక్కువ భాగము ఇక్కడనే కుడినుండి ఎడమకు, ఎడమనుండి కుడికి మారుతవి. కుడి మెదడుకు దెబ్బ తగిలితే ఎడమ చేయి పడిపోవడమునకు కారణమిదే.

మజ్జాముఖము దిగితే వెన్నుపాము. మన పూర్వులు నరమనే మాటలో తికమక పెట్టినా, ఇక్కడ మాత్రము పేరు చక్కగా పెట్టారు. వెన్నుపూస అన్నారు. పూస అన్న తరువాత రంధ్రము ఉండాలి గదా! పూసకు ముందు దిమ్మె, వెనుక కమాను, నడుమ రంధ్రము. పూసలు ఒకదానిపై ఒకటి కూర్చుంటే ఆ రంధ్రములన్నీ కలిసి ఒక దారి ఏర్పడుతుంది. ఆ దారిలో చిటికెనవ్రేలి లావున, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున ఉన్నది పాము. మెదడునుండి నేరుగా బయలుదేరేవి 12 జతల నరములు. ఈ పామునుండి ప్రక్కలకు వచ్చేవి 31 జతలు. చేతికీ కాలికీ పోవలసిన ఆజ్ఞ ప్రతి ఒక్కటీ ఈ ఇరుకు దారినే దిగాలి.

ఇరుకు మరింత ఇరుకైతే? మన జిల్లాలో సంవత్సరమునకు పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. బావులు ఎండి, బోరులు లోతుకు దిగినవి. కఠినశిలల సందులలో దీర్ఘకాలము నిలిచిన నీరు రాతిలోని ఫ్లోరైడును కరిగించుకొంటుంది. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అంతకు బాగా మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగితే ఎముక బరువెక్కి మొలకలు వేస్తుంది. పూసలను కలిపే సంధిబంధనములు తామే ఎముకగా మారుతవి. పూసల నడుమ దారి మూసుకొని వస్తుంది. ఇటువంటి వారిలో కొందరికి పాము నలిగిపోతుంది. తరచుగా ఒత్తిడి పడేది మెడలోనో వీపులోనో, బిగిసేవి కాళ్లు! కాలికి ఎన్ని సూదులు వేస్తే మాత్రమేమి?

ఇది నేటి వ్యాధి కాదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో దీనిని పరీక్షించి షార్ట్ మొదలైన వైద్యులు 1937లో ప్రకటించారు. నల్లగొండ రోగులను గురించి సిద్దీఖీ 1955లో వ్రాశారు. హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు డి. రాజారెడ్డి 2009లో ‘న్యూరాలజీ ఇండియా’ పత్రికలో దీని నాడీలక్షణములను వివరించారు. కమానును తొలగించి పామును విడిపించే శస్త్రచికిత్స కొందరికి మేలు చేస్తుంది; మారిన ఎముక మాత్రము వెనుకకు రాదు. నీటిని కాచినందువలన కూడ ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది.

ఎక్స్‌రే తీయించమని నేను పోరాను. కొన్నాళ్లకు కొడుకు ఆ చిత్రము తెచ్చి చూపాడు. వెన్నెముక సుద్దకడ్డీవలె తెల్లగా ఉన్నది. పూసకూ పూసకూ నడుమ ఎడము గుర్తుపట్టలేకపోయాను.

పంటిమీద ఈ జాడ ఎముకకంటె చాల ముందుగా కనబడుతుంది. శాశ్వత దంతములు చిగురులోపల తయారయ్యే బాల్యములో త్రాగిన నీరు వాటిమీద తెల్లని మచ్చలుగా, గోధుమరంగు చారలుగా నిలిచిపోతుంది. గార అనుకొని తోమితే పోదు. ఉపాధ్యాయుడు హాజరు పిలుస్తూనే చూడవచ్చును.

ఆనాడు అరుగుమీద తాత ప్రక్కన కూర్చున్న మనుమడు నాలుగవ తరగతి. నేను ఏదో అడిగితే నవ్వాడు. ముందు పళ్లమీద అడ్డముగా చారలు.

“చిన్నప్పటినుంచి ఏ నీళ్లు తాగుతున్నావురా?”

“బడికాడ బోరింగు నీళ్లే అయ్యోరూ. మా తాతా అయ్యే.”