పాత పొగగొట్టానికి కొత్త పొయ్యి అనుసంధానం – పాటించవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్ పాతబస్తీలో హలీం భట్టీలను చాలావరకు ఆరుబయట ఏర్పాటు చేస్తారు కనుక వాటి పొగ గాలిలో కలిసిపోతుంది. గది లోపల రొట్టెలు, ఉస్మానియా బిస్కెట్లు కాల్చే బేకరీలకు ఆ వెసులుబాటు లేదు. అక్కడి పొగ ఇటుక గొట్టం ద్వారానే బయటకు పోవాలి. అటువంటి చోట కట్టెల పొయ్యిని తొలగించి గ్యాస్ పొయ్యిని గానీ, వ్యవసాయ వ్యర్థాల గుళికలతో మండే పొయ్యిని గానీ అమర్చినప్పుడు, ఖర్చు తగ్గుతుందని దానిని పాత గొట్టానికే కలుపుతుంటారు. గొట్టం పొయ్యిలో ఒక భాగమే. పొయ్యి మారితే పాత గొట్టం దానికి సరిపోతుందో లేదో తిరిగి నిర్ధారించుకోవాలి. లేనిచో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి మళ్లి పనివారి ప్రాణాలకే ముప్పు తెస్తుంది.

పొయ్యిని, గొట్టాన్ని ఒకే వ్యవస్థగా చూసే దృష్టి ఈ నగరానికి కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాలలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు 1950వ దశకంలో ప్రచారం చేసిన పొగలేని పొయ్యి ఈ దృష్టితో రూపొందినదే.

సమస్యకు మూలం

వేడి వాయువు తేలికగా ఉండి పైకి లేస్తుంది. ఈ లాగుడునే డ్రాఫ్ట్ అంటారు. ఇది గొట్టం ఎత్తుపైన, లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడాపైన ఆధారపడుతుంది. 8 మీటర్ల గొట్టంలో వాయువు 150 డిగ్రీల సెల్సియస్, బయటి గాలి 30 డిగ్రీలు ఉంటే సిద్ధాంతరీత్యా డ్రాఫ్ట్ సుమారు 26 పాస్కల్‌లు. మెరుగైన పొయ్యి వేడిని ఎక్కువగా వాడుకుంటుంది కనుక వాయువు 80 డిగ్రీలకే పరిమితమైతే అది 13 పాస్కల్‌లకు, వేసవిలో బయట 40 డిగ్రీలున్నప్పుడు 10 పాస్కల్‌లకు పడిపోతుంది. అంటే ఇంధనం ఆదా అయ్యేకొద్దీ పొగను లాగే శక్తి తగ్గుతుంది.

తేమ మరో సమస్య. ఒక కిలో ఎల్‌పీజీ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి వెలువడుతుంది. చల్లని, వెడల్పాటి గొట్టంలో అది నీరుగా మారి సున్నపు అతుకులను దెబ్బతీస్తుంది. పాత మసి పెళ్లలుగా ఊడిపడి దారిని మూసివేస్తుంది.

అమరికలో జాగ్రత్తలు

1. గొట్టంలోని మసిని పూర్తిగా తొలగించి పగుళ్లు, పక్షి గూళ్లు ఉన్నాయేమో పరిశీలించాలి. గ్యాస్ పొయ్యికి కలిపే గొట్టంలో పాత అడ్డురేకు ఉంటే తీసివేయాలి.

2. సహజ డ్రాఫ్ట్‌తో పనిచేసే గ్యాస్ పొయ్యిలకు గొట్టం వైశాల్యం పొయ్యి నిర్గమ ద్వారానికి 7 రెట్లు మించరాదని అమెరికా గ్యాస్ నియమావళి సూచిస్తుంది. 15 సెంటీమీటర్ల వ్యాసం గల ద్వారాన్ని 45 సెంటీమీటర్ల చదరపు గొట్టానికి కలిపితే అది 11 రెట్లు దాటుతుంది. అప్పుడు లోపల తగిన వ్యాసం గల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని దింపాలి.

3. కలిపే గొట్టం పొట్టిగా, తక్కువ వంపులతో ఉండాలి. ప్రతి మీటరుకు కనీసం 2 సెంటీమీటర్లు పైకి వాలి ఉండాలి. పాత ఇళ్లలోని చెక్క దూలాలకు కనీసం 45 సెంటీమీటర్ల దూరం పాటించాలి.

4. కట్టెల పొయ్యిని, గ్యాస్ పొయ్యిని ఒకే గొట్టానికి కలపరాదు.

5. గొట్టం కొన 3 మీటర్ల దూరంలోని ఏ కట్టడం కన్నా కనీసం 60 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. ఇరుకు సందుల్లో పొరుగువారు అంతస్తు పెంచితే, అంతవరకు చక్కగా పనిచేసిన గొట్టంలో కూడా గాలి ఎదురు తిరగవచ్చు.

6. గదిలోకి తాజా గాలి వచ్చే శాశ్వత మార్గం ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను బలంగా తిరుగుతూ గాలి మార్గం చాలకపోతే, అది గొట్టంలోని పొగను కిందికి లాగుతుంది.

అప్పగింతకు ముందు పరీక్ష

తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను వేసి, పొయ్యిని 10 నిమిషాలు మండించి, కలిపిన గొట్టం అతుకుల వద్ద, పొయ్యి ముఖం వద్ద అగరుబత్తిని ఉంచాలి. దాని పొగ లోపలికి లాగబడాలి. గదిలోకి చెదిరితే పొయ్యిని వెంటనే ఆర్పి, లోపం సరిచేసేవరకు వాడరాదు. ఈ పరీక్షతో పాటు కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరాన్ని తప్పక అమర్చాలి.

చిరుధాన్యాల బేకరీలు ప్రారంభించే స్వయం సహాయక సంఘాలకు శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు ఇంధన పొదుపుతో పాటు ఈ పరీక్షను కూడా ప్రదర్శించి చూపాలి. పొయ్యి సామర్థ్యాన్ని గొట్టంతో కలిపి అంచనా వేసినప్పుడే ఆ పొదుపు సురక్షితమవుతుంది.