యార్డు ఒకరిది, వీధి ఇంకొకరిది

మామిడి దిగుబడి కాలంలో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం గ్రామ పంచాయతీ మీద జనానికి కోపం ఎక్కువే. తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి, దారి మూసుకుపోతుంది, కుళ్లిన కాయలు రోడ్డు పక్కన ఈగలు ముసురుకుంటూ పడుంటాయి. అందరూ సర్పంచినే నిలదీస్తారు. ఓటేసింది అక్కడే కాబట్టి నిలదీయడం సహజం. కానీ మామిడి అమ్మకాలు సాగే యార్డు 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద నడిచే మార్కెట్ కమిటీది. సరుకుపై వ్యాపారులు కట్టే ఫీజు ఆ కమిటీకే చేరుతుంది. చిత్తూరు–పలమనేరు మార్గం జాతీయ రహదారి, ట్రాఫిక్ పోలీసులది. 2025లో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేల్చింది రాష్ట్ర ప్రభుత్వం. యార్డు గేటు దాటిన వీధుల్లోని మురుగూ చెత్తా మాత్రం పంచాయతీకి మిగులుతాయి.

ఈ అసమానత ఊరి పెద్దల చేతగానితనం వల్ల వచ్చింది కాదు, చట్టంలోనే ఉంది. 1993లో అమలైన 73, 74 రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29, పట్టణాలకు 18 అంశాలను జాబితాగా చూపాయి. అవి నేరుగా దక్కిన హక్కులు కావు. వాటిలో ఏది, ఎంతవరకు అప్పగించాలో రాష్ట్ర శాసనసభ ఇష్టం. మన 1994 పంచాయతీరాజ్ చట్టంలో వీధి దీపాలు, మురుగు కాల్వలు, పారిశుద్ధ్యం తప్పించుకోలేని విధులు. రాబడికొస్తే ప్రధానంగా ఇంటి పన్ను. ఊళ్లో తూచి, కొలిచి అమ్మే సరుకుపై కొలగారం, కాటారుసుం వసూలు చేసే మాటా చట్టంలో ఉంది గానీ, అసలు వ్యాపారమంతా యార్డులో జరిగే ఊళ్లో దానికి విలువెంత? డబ్బు లేదన్న సాకూ చెల్లదు. రత్లాం మున్సిపాలిటీ మురుగు కాల్వల కేసులో 1980లోనే సుప్రీంకోర్టు, నిధుల కొరత విధి నుంచి విముక్తి కలిగించదని తేల్చింది. పౌరుడికది మంచి తీర్పే. అయితే ఆ బరువంతా మోసేది కింది మెట్టే.

చిన్న స్థానిక సంస్థల చేతికి డబ్బిస్తే కులం, కాంట్రాక్టులు మింగేస్తాయన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అదుపుకు ఇప్పుడు కొరతేముంది? తీర్మానాన్ని ప్రభుత్వం రద్దు చేయగలదు, సర్పంచిపై కలెక్టరు చర్య తీసుకోగలడు, ఆడిట్ ఉంది. 2018లో పాలకవర్గాల గడువు తీరాక 2021 ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడిపారు. రాజ్యాంగం చెప్పిన ఐదేళ్ల గడువుకు అప్పుడు దక్కిన మర్యాద అంతే! పైవాళ్ల పెత్తనమే శుభ్రతకు హామీ అయితే ఆ రెండున్నరేళ్లలో వీధులన్నీ మెరిసిపోయి ఉండాలి.

కుప్పంలాగా పట్టణ హోదా తెచ్చుకోవచ్చు కదా అని మరో మాట. హోదాతో పన్నుల లెక్క మారుతుంది, గ్రామీణ ఉపాధి పనులు పోతాయి. మార్కెట్ ఫీజు మాత్రం అప్పుడూ కమిటీదే. బంగారుపాళ్యానికి ముందు కావలసింది బోర్డు మార్పు కాదు. ఆ ఫీజులో కొంత వాటా, ఏటా సీజన్‌కు ముందే, యార్డు చుట్టూ పారిశుద్ధ్యానికి పంచాయతీకి అందాలి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, రాష్ట్ర శాసనసభ తలుచుకుంటే చాలు.