చుక్కనీటిలో లక్షల ఫేజ్‌లు

● తుంగభద్ర దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీళ్లతోపాటు కంటికి కనిపించని వైరస్‌లనూ మోసుకొస్తుంది. భయపడక్కర్లేదు. వాటిలో అత్యధికం బ్యాక్టీరియాకే సోకుతాయి, మన జోలికి రావు. అవే ఫేజ్‌లు. భూమ్మీద వీటి సంఖ్య 1 పక్కన 31 సున్నాలు పెట్టినంత అని అంచనా.

● గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయని 1896లో శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హాంకిన్ రాశారు. అది ఫేజ్‌ల పనేనా అన్న చర్చ ఇంకా ఉంది. ఫేజ్‌లను 1915లో ఫ్రెడరిక్ ట్వోర్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ ఎవరికి వారే కనిపెట్టారు. డెరెల్ 1927లో మన దేశానికొచ్చి కలరా రోగులకు ఫేజ్ మందు ఇచ్చి చూశారు.

● యాంటీబయాటిక్‌లు రాగానే ఫేజ్ వైద్యం చాలా దేశాల్లో మరుగున పడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మందుల సంస్థ లెడర్లీలో పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడే తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. ఇప్పుడు మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగి, ఫేజ్‌ల వైపు మళ్లీ చూపు మళ్లింది.

● కొత్త ఫేజ్‌ను పట్టేదిలా: మురుగునీటినో, మట్టి కలిపిన నీటినో 0.22 మైక్రాన్ల వడపోతలో వడకడతారు. బ్యాక్టీరియా ఆగిపోతుంది, ఫేజ్‌లు దిగిపోతాయి. ఆ నీటిని ఎంచుకున్న బ్యాక్టీరియాతో, కరిగించిన మెత్తటి అగార్ జెల్లీతో కలిపి గట్టి అగార్ మీద పోస్తారు. మర్నాటికి బ్యాక్టీరియా పొరలో ఖాళీ మచ్చలు కనిపిస్తే అక్కడ ఫేజ్ ఉన్నట్టే. ఒక్క మచ్చనే తీసి, మళ్లీ మళ్లీ పెంచి శుద్ధి చేస్తారు.

● ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తల, తోక చూస్తే సరిపోదు, జన్యుక్రమం మొత్తం చదవాలి. తెలిసిన ఫేజ్‌తో 95 శాతానికి మించి కలిస్తే అది కొత్త జాతి కాదు. విషపదార్థాల జన్యువులున్నా, బ్యాక్టీరియాను చంపకుండా దాని జన్యువుల్లో దాక్కునే గుణమున్నా మందుకు పనికిరాదు.

● 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కుళ్లిన వంకాయ మీద దొరికిన ‘మడ్డీ’ అనే ఫేజ్, మరో రెంటితో కలిసి, మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్‌తో ఉన్న ఓ ఇంగ్లండ్ బాలికకు మేలు చేసింది. ఆ వివరాలు 2019లో అచ్చయ్యాయి.

● ఫేజ్‌లు పంటలకూ పనికొస్తాయి. ఆదోని పత్తికి వచ్చే నల్లమచ్చ తెగులు, పత్తికొండ టమోటాకు వచ్చే బ్యాక్టీరియా ఆకుమచ్చ తెగులు జాంతోమోనాస్ బ్యాక్టీరియా పనే. టమోటా మచ్చ తెగులుపై ఫేజ్ మందుకు అమెరికా 2005లోనే అనుమతినిచ్చింది.

● కొత్త ఫేజ్‌లను పట్టే పనిని అమెరికా కాలేజీలు 2008 నుంచి మొదటి ఏడాది విద్యార్థులకే అప్పగిస్తున్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు అధ్యాపకులూ! హాని చేయని బ్యాక్టీరియాతో మీ ప్రయోగశాలలోనూ మొదలుపెట్టండి. మన చేలమట్టిలో ఏముందో మన పిల్లలే లోకానికి చెప్పాలి.