తడిక ఇల్లు (భద్రాచలం ప్రాంతం)

తడిక ఇల్లు అనగా కర్ర గుంజల మధ్య వెదురు తడికలు నిలిపి, వాటికి ఇరువైపులా మట్టి మెత్తి, పైన గడ్డి గాని, తాటాకు గాని, గూన పెంకు గాని కప్పి కట్టుకునే ఇల్లు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ ప్రాంతంలోను, గోదావరి వెంట దానిని ఆనుకొని ఉన్న ఆంధ్రప్రదేశ్ మండలాలలోను కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఇటువంటి ఇళ్ళలో నివసిస్తున్నారు. దీనిని పేదరికానికి గుర్తుగా చూడడం వాడుకైపోయింది. అయితే హిమాలయ ప్రాంతంలో ఇదే రకపు ఇల్లు ఇంజనీర్ల ఆదరణ పొంది పట్టణ గృహంగా ఎదిగింది. భద్రాచలం తడిక ఇంటికి అటువంటి అవకాశం ఇంతవరకు దక్కలేదు. ఈ ఇంటి నిర్మాణాన్ని, గుణదోషాలను, నేటి పట్టణ గృహాలకు అది నేర్పగల పాఠాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, వాతావరణం

ఖమ్మం నుండి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున ఉన్నది. కొత్తగూడెం, పాల్వంచ పరిసరాల నుండి అడవి మొదలవుతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఇక్కడి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలాన్ని, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లాను విభజించి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాను ఏర్పాటు చేశారు.

ఈ ప్రాంతంలో ఇల్లు నాలుగు పరీక్షలకు నిలవాలి. మొదటిది ఎండ. వేసవిలో కొన్ని రోజులు ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రెండవది నైరుతి ఋతుపవనాల కాలంలో గాలితో కూడిన వాన. మూడవది గోదావరి వరద. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఇక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నాలుగవది అరుదైనదే అయినా మరువరానిది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది.

నిర్మాణ విధానం

ముందుగా నేలను మట్టితో ఎత్తు చేసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తారు. మూలలలోను, గోడల వెంబడి తగినంత దూరంలోను గుంజలు పాతుతారు. నడుమ కప్పు బరువును మోసే ఎత్తయిన నిట్రాట ఉంటుంది. గుంజలకు టేకు, నల్లమద్ది, ఏగిస వంటి చేవగల కర్ర శ్రేష్ఠం. గుంజలపై దూలాలు, వాటిపై వాసాలు వేస్తారు. పూర్వం వీటిని అడ్డాకు తీగ నారతో బిగించి కట్టేవారు. మేకుల అవసరం లేనందున, పాడైన కర్రను విప్పి మరొకటి అమర్చుకోవడం సులభం.

గోడకు ఈ అడవులలో విరివిగా పెరిగే సాధనపు వెదురును వాడతారు. వెదురును నిలువునా చీల్చి, బద్దలను తడికగా అల్లి, గుంజలకు కట్టి, లోపల, వెలుపల మట్టి మెత్తుతారు. ఈ మట్టిలో గడ్డి తునకలు, పేడ కలిపి తొక్కుతారు. గడ్డి మట్టిని పగుళ్ళు బారకుండా పట్టి ఉంచుతుంది. గోడ మందం సాధారణంగా అరజానెడుకు మించదు. ఇంటి ముందు పంచ ఉంటుంది. చూరు గోడను దాటి బాగా కిందికి దిగి ఉంటుంది. నేలను, అరుగును తరచుగా పేడతో అలుకుతారు. ఇంటి లోపలి పొయ్యి పొగ కప్పులోని గడ్డికి, వెదురుకు పట్టి పురుగును కొంతవరకు అరికడుతుంది.

ఎండను, వానను తట్టుకునే తీరు

గడ్డి కప్పులో నిలిచి ఉన్న గాలి వేడిని లోపలికి రానీయదు. దీనికి భిన్నంగా కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను పీల్చుకొని, ఆ వేడిని రాత్రివేళ ఇంట్లోకి వదులుతుంది. స్లాబు ఇంటి ముందు తాటాకు పందిరి వేసుకొని, వేసవి రాత్రులు అక్కడే పడుకోవడం ఈ ప్రాంతంలో కనిపించే దృశ్యమే. పలుచని తడిక గోడ సూర్యాస్తమయం తరువాత త్వరగా చల్లబడుతుంది. కిందికి దిగిన చూరు మధ్యాహ్నపు ఎండను, ఏటవాలు జల్లును గోడకు తగలనీయదు. మట్టి గోడకు చూరే గొడుగు.

భూకంపం వేళ బరువైన గోడ పగిలి లోపలివారిపై పడుతుంది. తడిక గోడ తేలికైనది, వంగే గుణం కలది. మట్టి రాలిపోయినా గుంజలు, తడికలు నిలిచి ఉండే అవకాశం ఎక్కువ. వరద నీరు నిదానంగా ఎక్కి దిగిన చోట కూడా మెత్తిన మట్టి కరిగిపోతుంది గాని, ఇంటి చట్రం మిగిలితే మళ్ళీ మెత్తుకోవచ్చు. ప్రవాహం వేగంగా ఉన్న చోట మాత్రం ఇల్లే కొట్టుకుపోతుంది.

బలహీనతలు

తడిక ఇంటి గుణాలను చెప్పేటప్పుడు దోషాలను దాచరాదు. గడ్డి, తాటాకు కప్పులకు నిప్పు అంటుకుంటే ఒక ఇంటితో ఆగదు. నేలలో పాతిన గుంజకు చెద పట్టి, మొదలు కుళ్ళుతుంది. గడ్డి కప్పును కొన్నేళ్ళకు ఒకసారి తిరిగి వేయక తప్పదు. గోడలకు మట్టి మెత్తడం, నేల అలకడం ప్రధానంగా స్త్రీల శ్రమపైనే ఆధారపడి ఉన్నాయి. కూలి పనికి పోయే కుటుంబానికి ఆ శ్రమ భారమే. అందువలన పక్కా ఇల్లు కావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఈ దోషాలు సవరించదగినవా, కావా అన్నదే అసలు ప్రశ్న. హిమాలయ ప్రాంతపు అనుభవం సవరించవచ్చని చెబుతున్నది.

హిమాలయ ప్రాంతంలో తడిక ఇల్లు

అస్సాం, మేఘాలయ, సిక్కిం ప్రాంతాలలో ఇక్ర అనే రెల్లు జాతి గడ్డితో గోడ అల్లి, మట్టి మెత్తి ఇల్లు కట్టే ఆచారం ఉన్నది. 1897 జూన్ 12న సంభవించిన మహా భూకంపంలో షిల్లాంగ్ పట్టణంలోని రాతి భవనాలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాత బ్రిటిషు ఇంజనీర్లు స్థానికుల ఇక్ర గోడనే తీసుకొని, దానికి గట్టి పునాది పీఠం, సరైన కొలతల కలప చట్రం, రేకు కప్పు చేర్చారు. ‘అస్సాం తరహా ఇల్లు’గా పేరుపొందిన ఆ నిర్మాణంలో నివాసాలే కాక బడులు, కార్యాలయాలు కూడా వెలిశాయి. 2011 సెప్టెంబరు 18న వచ్చిన సిక్కిం భూకంపంలో కూడా ఇక్ర ఇళ్ళు మేలుగా నిలిచాయి.

కాశ్మీరులో కలప చట్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, వాటిని రాళ్ళతో, మట్టితో నింపుతారు. దీనిని ధజ్జీ దేవారీ అంటారు. అతుకుల బొంతను పోలి ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. 2005 అక్టోబరు 8 నాటి కాశ్మీరు భూకంపాన్ని ఈ ఇళ్ళు బాగా తట్టుకున్నాయి. పాకిస్తాన్ వైపు జరిగిన పునర్నిర్మాణంలో ఈ పద్ధతికి అధికారిక అనుమతి లభించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. హిమాలయాల ఇంటిని గోదావరి తీరానికి తేవాలని దీని భావం కాదు. చలిని ఆపే రాతిగోడ భద్రాచలం ఎండకు పనికిరాదు. నేర్చుకోవలసినది రూపాన్ని కాదు, పద్ధతిని. స్థానికుల విద్యను చదువుకున్నవారు గౌరవించారు. లోపాలను సవరించారు. ప్రభుత్వం దానికి ఆమోదం తెలిపింది.

పట్టణ గృహాలకు అన్వయం

ఈ మార్గాన్ని పట్టణ గృహాలకు చూపినవారిలో లారీ బేకర్ (1917–2007) ముఖ్యుడు. ఇంగ్లండులో పుట్టిన ఈ వాస్తుశిల్పి హిమాలయాలలోని పిథోరాగఢ్‌లో చాలా ఏళ్ళు నివసించి, అక్కడి మేస్త్రీల వద్ద స్థానిక సామగ్రి విలువను తెలుసుకున్నాడు. తరువాత కేరళలో స్థిరపడి, తిరువనంతపురం నగరంలో తక్కువ ఖర్చు ఇళ్ళు నిర్మించాడు. ఇటుకలను నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి గోడ కట్టే ‘ర్యాట్ ట్రాప్’ పద్ధతిని ఆయన ప్రచారం చేశాడు. దీనివలన ఇటుకలు సుమారు నాలుగవ వంతు ఆదా కావడమే కాక, లోపలి గాలి వేడిని తగ్గిస్తుంది.

భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం వంటి పట్టణాలలో ఈ క్రింది సవరణలతో తడిక ఇంటి గుణాలను నిలుపుకోవచ్చు.

పీఠం: గుంజలను నేలలో పాతకుండా రాతి లేదా కాంక్రీటు దిమ్మెలపై నిలిపితే చెద, తడి దూరమవుతాయి.

వెదురు: మూడేళ్ళకు పైబడి ముదిరిన వెదురును నరికి, బోరాక్స్, బోరిక్ ఆమ్ల ద్రావణంలో నానబెడితే పురుగు పట్టదు. వెదురు నిర్మాణాలకు భారత ప్రమాణాల సంస్థ నియమావళి, జాతీయ భవన నియమావళిలో ప్రత్యేక విభాగం ఉన్నాయి.

గోడ: పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నందున బూడిద ఇటుక దగ్గరలోనే లభించే సామగ్రి. అదనపు గదులకు, పై అంతస్తుకు సన్నని సిమెంటు పూత గల తడిక గోడ తేలికగా ఉంటుంది.

కప్పు: గడ్డికి బదులు పెంకు వాడితే నిప్పు భయం తగ్గుతుంది. స్లాబు తప్పనిసరి అయితే దానిపై నీడ పందిరి, గోడల చుట్టూ వెడల్పయిన చూరు ఉండాలి.

ప్రపంచంలో మానవ కార్యకలాపాల వలన వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 8 శాతం సిమెంటు తయారీ నుండే వస్తున్నది. అందువలన సిమెంటు వాడకాన్ని అవసరమైన చోటికి పరిమితం చేయడం పర్యావరణానికీ మేలు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ గ్రామీణ సాంకేతిక పార్కులో మట్టి దిమ్మెలతో, ఇతర స్థానిక సామగ్రితో కట్టిన నమూనా ఇళ్ళను విద్యార్థులు చూడవచ్చు.

చట్టాలు, పథకాలు

తడిక ఇంటికి మూలం అడవిపై హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2017లో 1927 నాటి భారత అటవీ చట్టాన్ని సవరించి, వెదురును ‘చెట్టు’ నిర్వచనం నుండి తొలగించారు. దీనితో అడవి వెలుపల పెంచిన వెదురును నరకడానికి, రవాణాకు ఉన్న ఆంక్షలు తొలగాయి. కలప మాత్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కిందికి రాదు.

తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించింది. సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయల సహాయం అందించడం ఇందులోని ముఖ్యాంశం. ఇటువంటి పథకాల కింద ఈ ప్రాంతంలో సాధారణంగా లేచేది స్లాబు ఇల్లే. పోలవరం ముంపు గ్రామాల నిర్వాసితులది మరింత కష్టమైన స్థితి. అడవి నుండి దూరమైన కుటుంబానికి వెదురు దొరకదు, నార దొరకదు, సొంతంగా బాగు చేసుకోగల ఇల్లూ ఉండదు. స్లాబు కారితే మేస్త్రీకి, సిమెంటుకు డబ్బు వెతుక్కోవలసిందే.

తడిక అల్లడం, నిట్రాట నిలపడం గ్రంథాలలో కంటే చేతులలోనే ఎక్కువగా నిలిచి ఉన్న విద్య. ఒక తరం కట్టడం మానితే తరువాతి తరానికి చూపేవారుండరు. షిల్లాంగ్‌లో ఆ విద్య తెలిసినవారు ఉండగానే ఇంజనీర్లు దానిని అందుకున్నారు. భద్రాచలం ప్రాంతంలోనూ వెదురు అల్లే చేతులు ఇంకా ఉన్నాయి.